అడ్డచుట్ట తాగే అమ్మకు గుండె నొప్పి: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

అప్పలనరసమ్మకు 57 ఏళ్లు. పేరు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. కేసు రాయడానికి ఆమె, ఆమె కొడుకు ఒప్పుకున్నారు. అత్తవారిల్లు గజపతి జిల్లాలో వంశధారకు దగ్గర్లో ఉన్న పల్లె. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, అంటే ఉద్దానం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో ఒడియా. రేషన్ కార్డు ఒడిశాది. కూతురిని ఇచ్చింది పాతపట్నంలో. ఈ వివరాలన్నీ ఎందుకంటే, వీటిలో కనీసం మూడు ఆమె వైద్యాన్ని నేరుగా మలుపు తిప్పాయి.

మా క్లినిక్‌కు వచ్చేసరికి ఆరు నెలలుగా గ్యాస్ మాత్రలు మింగుతోంది. ఉదయం పాంటప్రజోల్, మధ్యమధ్యలో సోడా, ఎవరో చెప్పిన వాము నీళ్లు. "అన్నం తిని పొలం గట్టెక్కితే ఇక్కడ పట్టేస్తాది బాబూ. కాసేపు కూకుంటే పోతాది. గేసే అది" అంది. ఇక్కడ అన్నప్పుడు వేలితో చూపించలేదు. అరచేయి మొత్తం ఛాతీ మధ్యన పరిచి, తర్వాత గొంతు దాకా జరిపింది. నొప్పి అనే మాట ఆమె నోట రాలేదు. బరువు అంది, పట్టేసినట్టు అంది. నొప్పి ఉందా అని అడిగితే లేదనే చెప్పేది.

ఇలాంటప్పుడు నేను అడిగేవి మూడే. ఛాతీ మధ్యలోనో, గొంతులోనో, దవడలోనో, చేతిలోనో బిగుతుగా ఉంటుందా? నడకతోనో బరువు పనితోనో కోపతాపాలతోనో వస్తుందా? ఆగితే ఐదు నిమిషాల్లోపు తగ్గుతుందా? మూడింటికీ అవును అంటే అది యాంజైనా, అంటే గుండె కండరానికి పనికి సరిపడా రక్తం అందక వచ్చే బాధ అని ముందు అనుకోవాలి. అప్పలనరసమ్మ మూడింటికీ అవునంది. ఆమెకు అన్నం తిన్నాక ఎక్కువ కావడం చూసి ఇంట్లో అందరూ కడుపు అనుకున్నారు. కానీ భోజనం చేశాక రక్తం పేగుల వైపు ఎక్కువ వెళ్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది. తిన్న వెంటనే నడిస్తే యాంజైనా తొందరగా రావడం ఎప్పటినుంచో తెలిసిన సంగతే. గ్యాస్ అయితే గట్టెక్కినప్పుడే వచ్చి కూర్చోగానే పోదు.

నొప్పి ఈమధ్య పెరుగుతోందా, విశ్రాంతిలో వస్తోందా, రాత్రి నిద్ర లేపుతోందా అని గుచ్చి గుచ్చి అడిగాను. లేదు. ఆరు నెలలుగా ఒకే తీరు, వారానికి నాలుగైదు సార్లు. ఈ జవాబే కేసును ఒక దారిలో పెట్టింది. ఇది స్థిరంగా ఉన్న యాంజైనా. ఆలోచించడానికి వ్యవధి ఉంది.

ఎవరూ అడగని ప్రశ్న

అంతకుముందు రాసిన చీటీల్లో 'పొగాకు: లేదు' అని ఉంది. ఆడమనిషిని సిగరెట్ తాగుతారా అని అడిగితే వచ్చే జవాబు అదే. మన ఉత్తరాంధ్రలో, ఈ సరిహద్దు ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లను అడగాల్సింది చుట్ట గురించి. అదీ అడ్డచుట్ట, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని తాగేది. "చుట్ట ఉందా అమ్మా?" అన్నాను. కోడలు తల దించుకుంది. ఆమె మాత్రం మామూలుగానే "ఉంది బాబూ, అడ్డచుట్ట. రోజుకి ఐదు. మా అమ్మ కూడా అంతే" అంది.

నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. అంగుడు తెల్లగా మందంగా మారి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు వాచిన చిన్న లాలాజల గ్రంథుల మూతులు. అడ్డచుట్ట అనగానే డాక్టర్లకు అంగుడి కేన్సర్ గుర్తుకొస్తుంది, రావాలి కూడా. ఆమెను దంతవైద్యుడి దగ్గరకు పంపాం, అనుమానపు పుండ్లు లేవని తేలింది, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. కానీ గుండె సంగతి ఎవరూ ఎత్తరు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో తొమ్మిది అంశాలను లెక్కగట్టింది. పొగాకు, కొలెస్టరాల్‌కు సంబంధించిన కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు. మొదటిసారి వచ్చే గుండెపోట్లలో మగవారిలో 90 శాతం, ఆడవారిలో 94 శాతం ముప్పు వీటితోనే అర్థమవుతుందని తేల్చింది. అదే సమాచారం నుంచి తర్వాత వచ్చిన విశ్లేషణలో నమిలే పొగాకు కూడా గుండెపోటు ముప్పును పెంచుతుందని కనిపించింది. సిగరెట్ కాదు కదా అనే ఊరటకు ఆధారం లేదు. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల్లో అది దాదాపు 59 అని కూడా ఆ పరిశోధకులే 2007లో చూపించారు.

చూసినవి, తేలినవి

బీపీ 158/94, రెండు చేతుల్లోనూ దాదాపు అంతే. నాడి 84. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4, అంటే షుగర్ ఉన్నట్టు ఇప్పుడే తెలిసింది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 138, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 38, ట్రైగ్లిసరైడ్లు 210. హిమోగ్లోబిన్ 11.6, థైరాయిడ్ మామూలు. రక్తహీనత, థైరాయిడ్ చూడకుండా యాంజైనా అని రాయకూడదు. రెండూ ఉన్న జబ్బును ఎగదోస్తాయి.

ఈసీజీ మామూలుగా ఉంది. కొడుకు ముఖం వెలిగిపోయింది. విశ్రాంతిలో తీసిన ఈసీజీ స్థిరమైన యాంజైనా ఉన్నవాళ్లలో చాలామందికి మామూలుగానే ఉంటుందని, గట్టెక్కుతున్నప్పుడు ఏమవుతోందో అది చెప్పదని వివరించాల్సి వచ్చింది. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె పంపింగ్ 60 శాతం, గోడల కదలిక బాగుంది.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. ల్యాబ్ కాగితంలో ఇది నార్మల్ గడిలోనే పడుతుంది. 57 ఏళ్ల ఆడమనిషికి ఆ అంకెతో కిడ్నీ వడపోత లెక్కగడితే 58 దగ్గర వస్తుంది, అంటే కొంచెం తగ్గినట్టే. పుట్టి పెరిగింది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కారణం అంతుచిక్కని కిడ్నీ జబ్బు ఎంతమందిని డయాలసిస్ మంచాల మీద పడేసిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆమె అన్నకు కూడా ఆ జబ్బే. కాబట్టి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూపించాను. కొంచెం పోతోంది. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొనుక్కుంటున్న డైక్లోఫెనాక్ ఆ రోజే ఆపించాను. గుండెకూ కిడ్నీకీ రెండింటికీ అది చెరుపే.

ఏ పరీక్ష?

మా దగ్గర ఎక్కువగా రాసేది ట్రెడ్‌మిల్. ఆమెకు అది కుదరదు. మోకాళ్లతో వేగం పెరిగేలోపే దిగిపోతుంది, సగంలో ఆగిన పరీక్ష ఏమీ తేల్చదు. పైగా ఆడవాళ్లలో ట్రెడ్‌మిల్ ఈసీజీ తప్పుదారి పట్టించడం ఎక్కువ. నేరుగా క్యాథ్ ల్యాబ్‌కు, అంటే రక్తనాళంలోంచి గుండె దాకా తీగ పంపి చూసే గదికి పంపడం ఇంకో అలవాటు. 2024లో వచ్చిన యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు, జబ్బు ఉండే అవకాశం 5 శాతం దాటి 50 శాతం లోపు ఉన్నవాళ్లకు మొదటి పరీక్షగా సీటీ కరోనరీ యాంజియోగ్రామ్, అంటే రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను తీసే సీటీ స్కాన్ చేయమంటున్నాయి. ఆ అవకాశాన్ని లెక్కగట్టేటప్పుడు ఇప్పుడు వయసు, లక్షణాలతో పాటు బీపీ, షుగర్, పొగాకు, కొలెస్టరాల్, కుటుంబ చరిత్ర కూడా కలుపుతారు. అప్పలనరసమ్మ ఆ పరిధిలోకి చక్కగా వస్తుంది.

దీని వెనక ఉన్న ముఖ్యమైన పరిశోధన స్కాట్‌లాండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్. ఛాతీ నొప్పి ఉన్న 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలు, సగం మందికి వాటితో పాటు సీటీ. ఐదేళ్లకు గుండె జబ్బు మరణం లేదా గుండెపోటు సీటీ చేసినవాళ్లలో 2.3 శాతం, చేయనివాళ్లలో 3.9 శాతం. పదేళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. సీటీ వైపు 6.6 శాతం, మరోవైపు 8.2. తేడా నిలిచింది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది వేరే ఉంది. ఐదేళ్లలో స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానమే. తేడా తెచ్చింది ఎవరికి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందో కచ్చితంగా తెలియడం, తెలిశాక కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ లాంటి మందులు మొదలుపెట్టి మానకపోవడం. కళ్లతో చూసిన జబ్బుకు మనిషి మందు వేసుకుంటాడు. ట్రెడ్‌మిల్ నెగెటివ్ అని విన్న మనిషి ఇంటికెళ్లి చుట్ట వెలిగిస్తాడు.

ఇంకోటి, 2022లో వచ్చిన డిశ్చార్జ్ పరిశోధన. 3,561 మందిలో నేరుగా తీగ పెట్టి తీసే యాంజియోగ్రామ్‌తో సీటీని పోల్చారు. గుండె ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ పరీక్ష వల్లా, దాని వెంట చేసిన చికిత్స వల్లా వచ్చిన పెద్ద ఇబ్బందులు సీటీ వైపు 0.5 శాతం, తీగ వైపు 1.9 శాతం.

సీటీకి విశాఖ వెళ్లాలి, పర్లాకిమిడి నుంచి మూడు గంటల పైమాటే. రంగు మందు కిడ్నీకి చేటు అని ఎవరో భయపెట్టారు. వడపోత 30కి తగ్గినవాళ్లలో ఆ భయం నిజమైనది, 58 దగ్గర ఉన్న మనిషికి నీళ్లు బాగా తాగించి, నొప్పి మాత్రలు ఆపించి ధైర్యంగా చేయవచ్చు. అలాగే చేశాం. మెటోప్రొలాల్‌తో నాడిని 60కి దించాం. బొమ్మ స్పష్టంగా రావాలంటే గుండె నెమ్మదిగా కొట్టుకోవాలి. ఊపిరి బిగబట్టమనే ఆదేశం మిషన్ నుంచి ఏ భాషలో వినిపిస్తుందో తెలియదు కాబట్టి, ఇక్కడే క్లినిక్ బల్ల మీద పడుకోబెట్టి పది సెకన్లు బిగబట్టడం నేర్పించాం. కూతురు ఇంట్లో రెండు పూటలా చేయించింది. స్కాన్ మొదటిసారికే బాగా వచ్చింది.

రిపోర్టు, దాంతో పాటు టెన్షన్

ఎడమ ముందు నాళం మధ్య భాగంలో 60 శాతం సన్నబడింది, అక్కడ కొవ్వు కొంత గట్టిపడి, ఎక్కువ భాగం మెత్తగా ఉంది. కుడి నాళంలో 30 శాతం. మూడోదాంట్లో గీతలాంటి పూత. ఎడమవైపు నాళాలు చీలే మూల నాళం శుభ్రంగా ఉంది. కాల్షియం స్కోరు 38.

కాల్షియం తక్కువే కదా అని కొడుకు అడిగాడు. కాల్షియం పాత పూడికను చూపిస్తుంది. మెత్తని కొవ్వు కాల్షియం స్కోరులో కనిపించదు, పగిలి గడ్డ కట్టేది ఎక్కువగా అదే. స్కాట్-హార్ట్ బొమ్మలనే మళ్లీ కొలిచి 2020లో ప్రచురించిన పనిలో, ఇలాంటి పలుచటి కొవ్వు 4 శాతం దాటిన వాళ్లకు గుండెపోటు దాదాపు ఐదు రెట్లు ఎక్కువ వచ్చింది. కాబట్టి 38 అనే అంకెతో నేను తేలిగ్గా తీసుకోలేదు.

స్కాన్ దగ్గర ఎవరో "రేపే యాంజియో చేయించుకోండి, స్టెంట్ వేయాలి, ఆలస్యం చేస్తే మీ ఇష్టం" అన్నారట. ఇంటికొచ్చేసరికి కొడుకు పుస్తెల తాడు తాకట్టు గురించి మాట్లాడుతున్నాడు. నేను ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంభాషణ మన ఇళ్లలో చాలా చోట్ల జరుగుతోంది.

గుండెపోటు జరుగుతున్నప్పుడు మూసుకుపోయిన నాళాన్ని తెరవడం ప్రాణం కాపాడుతుంది. అందులో రెండో మాట లేదు. స్థిరంగా ఉన్న యాంజైనా వేరు. 2020లో వచ్చిన ఇస్కీమియా పరిశోధనలో 37 దేశాల నుంచి 5,179 మందిని తీసుకున్నారు, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. అందరికీ పరీక్షల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రంగా రక్తం అందకపోవడం కనిపించినవాళ్లే. సగం మందికి ముందే యాంజియో, అవసరమైతే స్టెంట్ లేదా బైపాస్. మిగతా సగానికి మందులు, అవి చాలకపోతేనే ఆ దారి. ఐదేళ్లకు మరణం, గుండెపోటు, ఆసుపత్రి పాలవడం కలిపి ముందే యాంజియో చేసినవాళ్లలో 16.4, మందుల వైపు 18.2 శాతం. లెక్కల ప్రకారం దాన్ని తేడా అనలేం. మరణాల్లోనూ తేడా లేదు. మొదటి ఆరు నెలల్లో అయితే యాంజియో వైపే ప్రమాదాలు కాస్త ఎక్కువ. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్ వైపు వాళ్లకు స్పష్టమైన మేలు కనిపించింది, ముఖ్యంగా వారంవారం నొప్పి వచ్చేవాళ్లకు.

ఆ పరిశోధన నుంచి ఎవరిని పక్కనపెట్టారో కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజం అవుతుంది. మూల నాళం 50 శాతం, ఆపైన సన్నబడినవాళ్లు, గుండె పంపింగ్ 35 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లు, కొత్తగా గుండెపోటు వచ్చినవాళ్లు అందులో లేరు. వాళ్లకు ఈ ఫలితం వర్తించదు. అప్పలనరసమ్మ సీటీ విలువ ఇక్కడే. మూల నాళం బాగుంది, పంపింగ్ బాగుంది, నొప్పి తీరు మారలేదు. వ్యవధి ఉంది అని ధైర్యంగా చెప్పడానికి నా దగ్గర బొమ్మ ఉంది.

కొడుక్కి పొలం భాషలో చెప్పాను. కాలవలో ఒక చోట పూడిక తీస్తే అక్కడ నీళ్లు పారతాయి, కానీ కాలవ పొడుగునా ఒండ్రు పేరుకుంటూనే ఉంటే రేపు ఇంకో చోట తెగుతుంది. స్టెంట్ ఒక చోటి పని. మందు, చుట్ట మానడం, బీపీ, షుగర్ కాలవ మొత్తానికి. విశాఖలో నాకు తెలిసిన కార్డియాలజిస్టుకు బొమ్మలు పంపి ఫోన్లో మాట్లాడాను. మందులతో మొదలుపెడదామని, మూడు నెలల్లో నొప్పి లొంగకపోతే చూద్దామని ఇద్దరం అనుకున్నాం. తాకట్టు ఆగింది.

మందులు

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ 75, కొలెస్టరాల్‌కు రోసువాస్టాటిన్ 20, యాంజైనాకూ బీపీకీ మెటోప్రొలాల్ 50, ఆమ్లోడిపిన్ 5, బీపీకీ కిడ్నీకీ టెల్మిసార్టన్ 40, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ (మోతాదులు మిల్లీగ్రాముల్లో). నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్, కూర్చుని మాత్రమే పెట్టుకోవాలని గట్టిగా చెప్పి. షుగర్‌తో పాటు గుండె జబ్బు, పైగా కిడ్నీ నుంచి ఆల్బుమిన్, కాబట్టి మూత్రంలో షుగర్‌ను బయటికి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా. 2015 నాటి ఎంపా-రెగ్ పరిశోధనలో 7,020 మందిలో గుండె మరణాలు 38 శాతం తగ్గించిన మందు ఇది. 2025 మార్చిలో మన దేశంలో దీని పేటెంట్ ముగిసి జెనరిక్‌లు వచ్చాక పల్లె మనిషికి కూడా రాయగలుగుతున్నాను. నాలాంటి వాళ్ల వైద్యంలో ఇది పెద్ద మార్పు. ఈ మందుతో మూత్రం దగ్గర దురద వస్తే దాచకుండా చెప్పమని కోడలికి విడిగా చెప్పాను.

గౌట్ కీళ్ల నొప్పికి వాడే కొల్చిసిన్ గురించి ఈమధ్య అడుగుతున్నారు. రోజుకు అర మిల్లీగ్రాము కొల్చిసిన్ వాపును తగ్గించి గుండె ప్రమాదాలను ఆపుతుందని 2019లో కోల్‌కాట్, 2020లో లోడోకో2 చూపించాయి. 7,062 మందితో చేసిన క్లియర్ సినర్జీ 2024లో అలాంటి మేలేమీ చూపించలేదు. కిడ్నీ అంచున ఉన్న ఈమెకు నేను రాయలేదు.

మూడో వారంలో కోడలు ఫోన్ చేసింది. అత్త రోసువాస్టాటిన్ మానేసింది. కాళ్లు పీకుతున్నాయట, పైగా ఆ మందు లివర్‌ని తినేస్తుందని వాట్సాప్‌లో వచ్చిందట. పిలిపించి కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే చూశాను, మామూలే. లివర్ పరీక్ష కూడా మామూలే. "నొప్పులు అబద్ధం కాదమ్మా, మందు వల్ల కాకపోవచ్చు" అన్నాను. 2020లో శామ్సన్ అనే చిన్న పరిశోధన ఇలాంటివాళ్లతోనే చేశారు. స్టాటిన్ పడలేదని మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. అది తెలిశాక వాళ్లలో సగం మంది మళ్లీ మొదలుపెట్టారు. మేం రెండు వారాలు ఆపి, రాత్రి పూటకు మార్చి మళ్లీ మొదలుపెట్టాం. పీకులు రెండు విధాలా అంతే ఉన్నాయని ఆమే గమనించింది. ఆరు వారాలకు ఎల్‌డీఎల్ 71. ఆమెలాంటి వాళ్లకు లక్ష్యం 55 కన్నా తక్కువ. కొలెస్టరాల్‌కే వాడే ఇంకో మందు ఎజెటిమైబ్ 10 కలిపాక 54.

తిండి దగ్గర తకరారు ఎండు చేపతో వచ్చింది. ఉద్దానం పుట్టిల్లు నుంచి నెలనెలా వస్తుంది, అన్నంలోకి రోజూ ఉండాల్సిందే. పూర్తిగా మానమంటే ఏదీ మానదని తెలుసు. వారానికి ఒకసారి, అదీ నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండమన్నాను. పొద్దున చోడి (రాగి) అంబలి కొనసాగించమని, అందులో ఉప్పు వేయొద్దని చెప్పాను. కూతురు పాతపట్నం నుంచి తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చింది. చైనా పల్లెల్లో 20,995 మందితో చేసి 2021లో వెలువరించిన పరిశోధనలో అలాంటి ఉప్పు పక్షవాతాన్ని 14 శాతం తగ్గించింది, మంచిదే. కానీ అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ మందగించిన మనిషి టెల్మిసార్టన్ వేసుకుంటూ అది తింటే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో ఆ ఉప్పును సూచిస్తూ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను మినహాయించింది. ప్యాకెట్ కూతురు ఇంటికి తిరిగి వెళ్లింది. ఉద్దానం చుట్టుపక్కల ఎవరికైనా క్రియాటినిన్ చూడకుండా ఆ ఉప్పు చెప్పకండి, ఇది నా గట్టి మనవి.

చుట్ట ఒక్క రోజులో పోలేదు. నీళ్ల పని అయ్యాక గట్టు మీద కూర్చునే వేళ, అన్నం తిన్న తర్వాత, పక్కింటి వదిన వచ్చినప్పుడు, ఈ మూడు వేళలూ ఆమెకు చుట్టతో ముడిపడి ఉన్నాయి. నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చాం. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800 112 356కి కొడుకు ఫోన్ చేసి ఆమెతో మాట్లాడించాడు. ఐదు రెండయ్యాయి, రెండు నెలల తర్వాత సున్నా. అంగుడి మీద ఎర్ర చుక్కలు పలచబడ్డాయి. నేను అద్దం ఇచ్చి చూపిస్తే చాలాసేపు చూసుకుంది.

కోతల కాలం

నాలుగో నెలకు బీపీ 126/78, నొప్పి నెలకు ఒకసారి. ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. వరి కోతలు వచ్చాయి. ఇంట్లో ఎవరు వద్దన్నా పనలు మోసింది. నొప్పి మళ్లీ వారానికి మూడు నాలుగు సార్లకు వచ్చింది. విశ్రాంతిలో లేదు, ఈసీజీ మారలేదు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ మామూలు. మెటోప్రొలాల్ 100కి పెంచితే నాడి 52కి పడి నీరసపడింది. యాంజైనాకు వాడే ఇంకో మందు రానొలజీన్ కలిపితే తల తిరుగుతోందంది.

ఇక్కడ స్టెంట్ గురించి నేనే ఎత్తాను. మొదట వద్దన్న డాక్టరు ఇప్పుడు ఎందుకు అంటున్నాడని కొడుక్కి అనుమానం. మొదట చెప్పినదే ఇది. ఇస్కీమియాలో మందుల వైపు ఉన్నవాళ్లలోనూ దాదాపు ఐదోవంతు మందికి తర్వాత స్టెంటో బైపాసో చేశారు. మిగతా వాళ్లకు అవసరం పడలేదు. 2023లో వచ్చిన ఆర్బిటా-2లో 301 మందికి యాంజైనా మందులు ఆపి, సగం మందికి నిజంగా స్టెంట్, సగానికి వేసినట్టు మత్తు మాత్రమే ఇచ్చారు. ఎవరికి ఏది చేశారో రోగికి తెలియదు. 12 వారాలకు నొప్పి పూర్తిగా పోయినవాళ్లు స్టెంట్ వైపు 40 శాతం, మరోవైపు 15 శాతం. అంటే స్టెంట్ నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది, అందరికీ పూర్తిగా కాదు. ఈ రెండో సగం ముందే చెప్పడం అవసరం. లేకపోతే తర్వాత చిన్న నొప్పికి స్టెంట్ పాడైందని హడలిపోతారు.

ముందు దొరికిన నెలలు వృథా కాలేదు. కార్డు చెల్లే ఆసుపత్రి ఏదో కొడుకు నిదానంగా కనుక్కున్నాడు, కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. చుట్ట మానిన, షుగర్ అదుపులో ఉన్న, ఎల్‌డీఎల్ 54 ఉన్న మనిషిగా ఆమె బల్ల ఎక్కింది. మణికట్టు నుంచి తీగ పంపి, ముందు నాళంలో సన్నబడిన చోటు దాటాక రక్తం ఒత్తిడి, దానికి ముందున్న ఒత్తిడిలో ఎంత వంతు మిగిలిందో కొలిచారు. ఆ కొలత 0.80 లేదా అంతకన్నా తక్కువ ఉంటే అక్కడ రక్తం సరిగా పోవట్లేదని అర్థం. ఆమెకు 0.74. ఒక స్టెంట్ వేశారు. కుడి నాళంలోని 30 శాతాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన పనీ లేదు. క్రియాటినిన్ మూడో రోజు 1.15.

స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఆరు నెలలు కలిపి, తర్వాత ఒకటే. పళ్లు పీకించుకునేటప్పుడు కూడా సొంతంగా ఆపకూడదని కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. కడుపు కాపాడటానికి పాంటప్రజోల్ మళ్లీ మొదలైంది, ఈసారి సరైన కారణంతో. యాంజైనా మందుల్లో ఆమ్లోడిపిన్, చిన్న మోతాదు మెటోప్రొలాల్ మిగిలాయి. కొలెస్టరాల్, బీపీ, షుగర్ మందులు ఒక్కటి కూడా తగ్గించలేదు. స్టెంట్ వేశారు కదా ఇక మందులెందుకు అని ఊళ్లో అడిగే ప్రశ్నకు జవాబు కాలవ మాటలోనే ఉంది.

గోడ మీద కాగితం

మా ప్రాంతంలో గుండెపోటు వస్తే క్యాథ్ ల్యాబ్ గంటల దూరం. కాబట్టి ఇంటి గోడకు ఒక కాగితం అంటించాం. విశ్రాంతిలో పట్టేసినా, ఒక సార్బిట్రేట్ పెట్టుకుని ఐదు నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, గ్యాస్ మాత్ర వెతకొద్దు. 325 ఆస్పిరిన్ నమిలి 108కి ఫోన్ చేయాలి, ఆ నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. ముందు దగ్గరి ఆసుపత్రిలో పది నిమిషాల్లో ఈసీజీ. అది గుండెపోటే అయితే, రెండు గంటల్లోపు క్యాథ్ ల్యాబ్ అందదనిపిస్తే అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని, ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి బయల్దేరాలి. 2013లో స్ట్రీమ్ పరిశోధన చూపించింది ఇదే. గంటలోపు స్టెంట్ అందని వాళ్లకు ముందుగా గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ వేసి తర్వాత యాంజియో చేస్తే ఫలితం నేరుగా స్టెంట్ వేసినవాళ్లతో సమానంగా ఉంది. మెదడులో రక్తస్రావం ముప్పు కాస్త పెరుగుతుంది కనుక పెద్ద వయసువాళ్లకు మోతాదు తగ్గిస్తారు. ఇంజెక్షన్ లేకుండా నేరుగా మూడు గంటల ప్రయాణం కట్టడం మన వైపు జరిగే పెద్ద నష్టం. గుండె కండరం ఆ దారిలోనే పోతుంది.

ఆమెకు లైపోప్రొటీన్ ఏ, అంటే రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే ఒక రకం కణాలు కూడా ఒకసారి చూపించాం, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. 68 మిల్లీగ్రాములు. 50 దాటితే ఎక్కువ. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో తగ్గేది కాదు. దాన్ని నేరుగా తగ్గించే కొత్త మందుల మీద పెద్ద పరిశోధనలు సాగుతున్నాయి. అప్పటిదాకా ఎల్‌డీఎల్‌ను మరింత గట్టిగా దించడమే పని. పిల్లలిద్దరికీ చూపించమన్నాను. కూతురికి మామూలు. విశాఖలో ఆటో నడిపే 31 ఏళ్ల కొడుక్కి 74, ఎల్‌డీఎల్ 151, జేబులో ఖైనీ పొట్లం. బీపీ, షుగర్ లేవు, నొప్పి లేదు. ఖైనీ మానడానికి తల్లి వాడిన నంబరే ఇచ్చాను. స్టాటిన్ మొదలుపెట్టడం గురించి మాట్లాడుకున్నాం. "మా అమ్మ వేసుకునేదేనా?" అని అడిగాడు. అదే మందు, సగం మోతాదులో మొదలుపెట్టాడు. మూడు నెలలకు ఎల్‌డీఎల్ మళ్లీ చూస్తాం.